కన్నీళ్లకు ముందు లెక్క: ఇంట్లో మోసం జరిగాక సమాధానపడే పద్ధతి

గోదావరి డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు సమాధానపడే తీరు అందరికీ తెలిసిందే. అయ్యగారు (పాస్టరు) వస్తారు, వాక్యం చదువుతారు, ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన మోకరింపజేసి ప్రార్థన చేస్తారు. ఇద్దరూ ఏడుస్తారు. కౌగిలించుకుంటారు. టీ వస్తుంది. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు కుదిరిన ఈ సమాధానం దాళ్వా (రబీ) మాసూళ్లు వచ్చేసరికి మళ్లీ గట్టు మీద తగువై కూర్చుంటుంది. అప్పుడు ఊళ్లో వినపడే మాట, "వాళ్ల ఏడుపు నిజం కాదండీ" అని. ఏడుపు నిజమే. లెక్క తెరవలేదు, అంతే. ఎవరు ఎంత తిన్నారు, ఏ సంతకం ఎవరు పెట్టారు, ఏ అబద్ధం ఎన్నేళ్లు నడిచింది అన్నది కాగితం మీదికి రాకుండానే ఆమేన్ అనేశారు.

మధ్యవర్తులుగా కూర్చునే సంఘ పెద్దలకీ, అయ్యగారికీ, అమ్మగారికీ ఈ పద్ధతి పనికొస్తుంది. తప్పు చేసి తిరిగి రావాలనుకునేవాళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది. పొలం వాటా, గల్ఫ్ నుంచి పంపిన సొమ్ము, తెలియకుండా పెట్టించుకున్న సంతకం, భార్యాభర్తల మధ్య నమ్మకద్రోహం: మన దగ్గర పెద్దల ముందుకొచ్చేవి ఎక్కువగా ఇవే.

కూర్చోబెట్టకూడని సందర్భాలు

దెబ్బలు తింటున్న మనిషిని కొట్టినవాడి ఎదురుగా కూర్చోబెట్టి క్షమించమనడం సమాధానం కాదు. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూడాలి. అత్యవసరమైతే 112, మహిళలకు 181, పిల్లల విషయమైతే 1098. మైనరు మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే సంఘంలో గుట్టుగా సర్దే హక్కు ఎవరికీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, అయ్యగారైనా అంతే. "సంఘం పరువు పోతుంది" అని ఆపినవాళ్లు ఆ పాపంలో వాటా తీసుకున్నట్టే.

దావీదు ఇంట్లో జరిగింది ఇదే. 2 సమూయేలు 13వ అధ్యాయంలో దావీదు కూతురు తామారుకు సవతి అన్న అమ్నోను చేతిలో అన్యాయం జరిగితే తండ్రికి బహు కోపం వచ్చిందని ఉంది గాని, అమ్నోనును ఏం చేశాడో లేదు, ఎందుకంటే ఏమీ చెయ్యలేదు. ఇక తామారు తోడబుట్టిన అబ్షాలోము రెండేళ్లు నోరెత్తకుండా ఉండి అన్నను చంపించాడు. మూడేళ్లు గెషూరులో దాక్కున్నాడు. తిరిగి యెరూషలేముకు రప్పించిన తర్వాత కూడా ఇంకో రెండేళ్లు తండ్రి మొహం చూడనివ్వలేదు. చివరికి పిలిచి ముద్దు పెట్టుకున్నాడు. ఆ ముద్దుకు ముందు గాని, తర్వాత గాని తామారు మాట ఎత్తిన జాడ లేదు. తర్వాతి అధ్యాయంలోనే తిరుగుబాటు మొదలైంది. కౌగిలింతతో ముగించే మన పెద్దలు ఈ మూడు అధ్యాయాలు ఒక్కసారి వరసగా చదవాలి.

ఏది పాపఫలితం, ఏది కాదు

ఈ తేడా ముందే తేల్చకపోతే కూర్చున్నచోట మాటలు దారి తప్పుతాయి. 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరిచెట్లు నేలకూలిన రైతులందరూ పాపులు, చెట్లు మిగిలినవాళ్లు నీతిమంతులు అని ఎవరైనా అంటారా? సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారనే యేసు చెప్పాడు (లూకా 13). పుట్టుగుడ్డివాణ్ణి చూసి "వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా" అని అడిగితే రెండూ కాదన్నాడు (యోహాను 9). కాబట్టి అన్నకు పక్షవాతం వచ్చింది గనక చెల్లెలి ఉసురు తగిలిందనడం, బిడ్డ చనిపోతే తల్లి తప్పు తవ్వడం, ఈ రెంటినీ మధ్యవర్తి మొదటిసారే ఆపెయ్యాలి. తప్పు చేసినవాళ్లకూ అది ఒక తప్పించుకునే దారే: "దేవుడు నన్ను కొట్టాడు, ఇంక మీరు అడగడానికేముంది" అంటారు. దేవుడు కొట్టాడో లేదో మనకు తెలియదు. బాకీ మాత్రం అలాగే ఉంది.

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో విత్తిందే కోస్తారన్న మాట శాపం కాదు, వ్యవసాయం. చేను పక్క రొయ్యల చెరువు వేసి ఉప్పునీరు పెడితే ఏమవుతుందో డెల్టా రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. చెరువు మూసేసిన రోజునే ఉప్పు పోదు. కాలువ నీళ్లు పెట్టి, నిలబెట్టి, మురుగు కాలువలోకి తీసెయ్యాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ తియ్యాలి. జీలుగ చల్లి దున్నాలి. కొన్ని పంటలు పోతాయి. చెరువు మూసెయ్యడం మారుమనస్సు. ఉప్పు కడుక్కోవడం ఫలితాన్ని మొయ్యడం. మొదటిది చేశాను గదా, రెండోది ఎందుకనేవాడి చేలో వరి ఎర్రబడిపోతుంది.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

ముగ్గురు చాలు. ఇద్దరికీ ఇష్టమైన సంఘ పెద్ద ఒకరు, ఆడమనిషి ఒకరు, లెక్కలు తెలిసినవాళ్లు ఒకరు (రిటైరైన మాస్టారు, సొసైటీలో గుమాస్తాగా చేసినవాళ్లు, ఎవరైనా సరే). ఆ ఆస్తిలో వాటా ఉన్నవాళ్లు, ఇద్దరిలో ఎవరికైనా బాకీ ఉన్నవాళ్లు పనికిరారు. మేనమామను పిలవడం మన ఆనవాయితీ. పిలవచ్చు, కానీ ఆయన కూతుర్ని ఆ రెండిళ్లలో ఒక ఇంటికి ఇచ్చి ఉంటే ఆయన మధ్యవర్తి కాడు, ఒక పక్షం. ఊరి తగువుల్లో లాగా ధరావతు కట్టించుకోవద్దు.

తప్పు చేసినవాళ్ల ఇంట్లో కూర్చోవద్దు. అక్కడ వాళ్లే టీ పోస్తారు, వాళ్లే పెద్దలైపోతారు. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలోనూ వద్దు, వంట చెయ్యడానికి ఆగిన పదిమందీ వింటారు. పని రోజు పొద్దున్న, మందు వాసన లేని వేళ, మూడో ఇల్లు. ఫోన్లు పక్కన పెట్టించాలి. రికార్డు చేసి బంధువుల గ్రూపులో పెట్టడంతోనే చెడిపోయిన సమాధానాలు బోలెడు.

క్రిస్మస్‌కీ, డిసెంబరు 31 రాత్రికీ పెట్టుకోవద్దు. ఆ రాత్రి మందిరంలో ఎవరి గుండైనా కరుగుతుంది, వాగ్దానపు కార్డు చేతిలో పడగానే అన్నీ కొత్తవైపోయినట్టే అనిపిస్తుంది. జనవరి 2న కూడా ఆ మాటే అంటారా అన్నది చూడాలి. డబ్బు తిరిగి ఇవ్వాల్సిన వ్యవహారమైతే మాసూళ్లయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు మంచివి.

ఒక్క పూటలో తేల్చాలని కూర్చోవద్దు. మూడు సార్లు, వారం ఎడంగా, ఒక్కోసారి రెండు గంటలకు మించకుండా. మొదటిసారి ఎవరికి వాళ్లను విడిగా వినాలి, మోసపోయినవాళ్లను ముందు. తామారును ఎవరూ అడగలేదు, మనం అడగాలి. "నీకేం కావాలమ్మా?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు పెద్దలు ఊహించింది కాదు. పొలం అడుగుతుందనుకుంటే "మా అత్తారింట్లో నా మీద వేసిన నింద అబద్ధమని అన్నయ్య వెళ్లి చెప్పాలి" అంటుంది.

లెక్క కట్టడం

రెండోసారి ముగ్గురు పెద్దల్లో ఒకరు తప్పు చేసినవాళ్లతో లెక్క రాయించాలి. వందపేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొనండి, విడి కాగితాలు వద్దు. పాలకొల్లు, రాజోలు వైపు తరచు కనిపించే వ్యవహారం ఒకటి తీసుకుందాం. భర్త లేని చెల్లెలు ఇద్దరు పిల్లల్ని అన్న ఇంట్లో వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. నెలకు 15,000 చొప్పున నాలుగేళ్లు అన్న ఖాతాకే పంపింది. స్థలం కొంటున్నానని అన్న చెబుతూ వచ్చాడు. తిరిగొస్తే స్థలం లేదు.

48 నెలలు, మొత్తం 7,20,000. పిల్లల తిండికీ ఫీజులకీ అయింది 3,40,000 అని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. తల్లి ఇంటి శ్లాబుకు 1,80,000, అదీ కళ్లెదుట ఉంది. మిగిలింది 2,00,000. అన్న చెరువు లీజులో పెట్టి పోగొట్టుకుంది అదే.

రాసేటప్పుడు చెడేది ఎక్కడంటే, మొదటి అంకె దగ్గరే. "ఎంతో కొంత ఉంటుందిలెండి, ఓ లక్ష వేసుకోండి" అంటారు. ఒప్పుకోవద్దు. బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ఆమె పంపిన రసీదుల ఫొటోలు ఫోన్లో ఉంటాయి. పొలం కౌలు వ్యవహారమైతే ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, సార్వాకెన్ని బస్తాలు, దాళ్వాకెన్ని, ఆ ఏడు 75 కిలోల బస్తా ఏ రేటుకు పోయింది, ఏ ఏడు ముంపులో పంట పోయి కౌలు రాలేదు అన్నది ఏడాదికో వరస చొప్పున రాయాలి. కౌలుదారును అడిగితే అతనికి అంతా నోటికి ఉంటుంది. అంకె తేలనిచోట ఇద్దరి అంకెలూ రాసి, తేలలేదని పక్కన రాయాలి. మధ్యలో విరగ్గొట్టి సగం చెయ్యడం పెద్దమనిషి తరహాగా కనిపిస్తుంది గాని, నిజం చెప్పినవాళ్లకు అదే నష్టం.

ఇంకో వరస మర్చిపోతారు: వదిన. ఆ పిల్లలకు నాలుగేళ్లు అన్నం పెట్టి, జ్వరమొస్తే రాత్రిళ్లు మేలుకొని, స్కూలు వ్యాను దాకా నడిపించింది ఆవిడ. ఆ కష్టాన్ని అన్న తన బాకీలో తీసివేతగా వాడుకోకూడదు, అది అతని కష్టం కాదు. చెల్లెలు ఆవిడకు ఏమిస్తుంది, ఏమంటుంది అన్నది విడి పేజీలో రాసుకోవాలి. ఈ పేజీ లేని లెక్కల్లో వదినా మరదళ్లు మాట్లాడుకోవడం మానేస్తారు, అన్నాచెల్లెళ్లు కలిసినా కూడా.

ఐదో వంతు ఎందుకు

లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం పొరుగువాణ్ణి మోసగించి తీసుకున్నది అసలు తిరిగిచ్చి, దానికి ఐదో వంతు కలపాలి. అపరాధపరిహారార్థ బలి తెచ్చే రోజునే ఇవ్వాలి. సంఖ్యాకాండం 5లోనూ ఇదే, తన పాపం తను ఒప్పుకున్నవాడి గురించి. నిర్గమకాండం 22లో గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడైతే నాలుగంతలు కట్టాలి. పక్కపక్కన పెట్టి చూస్తే తనంత తాను ఒప్పుకునేవాడికి దారి సులువు చేశారని తెలుస్తుంది. సువార్తలోని పన్నుల అధికారి జక్కయ్య తన మీద తాను వేసుకున్నది మాత్రం నాలుగంతలు. ఎవరూ అడగలేదు. పెద్దలు ఆ లెక్కను ఇంకొకరి మీద వెయ్యకూడదు.

మన లెక్కలో 2,00,000కు ఐదో వంతు 40,000. మొత్తం 2,40,000. నెలకు 5,000 చొప్పున 48 నెలలు, అంటే ఆమె అక్కడ పనిచేసినన్ని నెలలే. "వడ్డీ మాటేమిటి?" అని ఎవరో ఒకరు లేస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,000. 48 నెలలకు 1,92,000, ఇంచుమించు అసలంత. అలా వేస్తే అన్న ఏడాదికే ఊరు విడిచిపోతాడు, చెల్లెలికి అసలూ రాదు. ఐదో వంతులోని మేలు అది ఒకచోట ఆగడమే.

ఇచ్చేది ఖాతాలో వెయ్యాలి, చేతికి వద్దు. ప్రతి నెలా 5వ తేదీ అనుకుంటే 5వ తేదీ. ఒక నెల కుదరకపోతే 5కు ముందే ఫోన్ చేసి చెప్పాలి. 6న చెప్పే కారణం ఎంత నిజమైనా పాత అబద్ధంలాగే వినిపిస్తుంది. బంగారం కుదువపెట్టో, ఇంకొకరి దగ్గర అప్పు చేసో ఒకేసారి కట్టేస్తాననే ఉత్సాహం మొదటి వారంలో వస్తుంది. ఆపండి. ఒక బాకీని రెండు చేసుకోవడమది.

నోరు విప్పి చెప్పడం

లెక్క తేలాక మూడోసారి అందర్నీ కూర్చోబెట్టి ఒప్పుకోలు. రాసుకుని రావాలి, చదివినా తప్పు లేదు. ఏం చేశాను, ఎప్పట్నించి ఎప్పటిదాకా, ఎంత, ఏ అబద్ధం చెప్పి దాచాను, ఎవరి చేత దాపించాను. ఈ అయిదూ ఉండాలి.

తెలుగులో తప్పును దానంతటదే జరిగేలా చెప్పే సౌకర్యం ఉంది. "పొరపాటైపోయింది", "అలా జరిగిపోయింది", "డబ్బు ఖర్చయిపోయింది". కర్త ఎక్కడా కనపడడు. చెప్పేవాడి కాగితంలో ఈ మాటలన్నీ కొట్టేసి "నేను చేశాను", "నేను తీశాను", "నేను అబద్ధం చెప్పాను" అని మార్పించండి. "సాతాను నన్ను లొంగదీసుకున్నాడు" అన్నది కూడా కొట్టెయ్యాలి. సాతానుతో వ్యవహారం అయ్యగారితో విడిగా మాట్లాడుకోవచ్చు. "అయితే నువ్వు కూడా" అనే మాటతో మొదలయ్యే వాక్యం ఆ పూటకు నిషిద్ధం.

పనికొచ్చేది ఇలా ఉంటుంది: "చెల్లీ, నువ్వు పంపిన దాంట్లో రెండు లక్షలు నేను చెరువులో పెట్టాను. స్థలం కొన్నానని నీకు నాలుగుసార్లు ఫోన్లో చెప్పాను, అది అబద్ధం. అమ్మకి తెలిసినా నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. నీ పిల్లల ముందు నువ్వే డబ్బు పంపట్లేదన్నాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను." చివరి వాక్యం ముందున్నది చాలా ఇళ్లలో రెండు లక్షలకంటే బరువైనది. ఆ పిల్లలకు కూడా అదే నోటితో వేరేగా చెప్పాలి, వాళ్ల వయసుకు తగ్గట్టు. పిల్లల్ని ఈ కూర్చోవడంలో సాక్షులుగా పిలవద్దు.

సౌలు కూడా "పాపము చేసితిని" అన్నాడు, దావీదు కూడా అన్నాడు. సౌలు వెంటనే జనం మీద నెట్టాడు, ఆ తర్వాత పెద్దల ముందు తన గౌరవం నిలపమని సమూయేలును బతిమాలాడు (1 సమూయేలు 15). తేడా కనిపెట్టడానికి మధ్యవర్తికి అంతకంటే మంచి పరీక్ష లేదు. "విషయం బయటికి రానివ్వకండి" అన్నది మొదటి షరతుగా వస్తే ఇంకా సమయం కాలేదని అర్థం.

ఒప్పుకోలు నోటితో పూర్తి కాకపోతే ఏమవుతుందో, తమ్ముణ్ణి అమ్మేసిన యోసేపు అన్నల్లో చూడొచ్చు. ఆదికాండం 45లో యోసేపు ఏడ్చి, తనను తాను తెలియజేసుకుని, అంతా తానే మాట్లాడాడు. అన్నలు ఆ రోజు క్షమించమని అడిగినట్టు లేదు. ఆ తర్వాత తండ్రి ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. ఆయన పోగానే వాళ్లు వణికిపోయి, తండ్రి పేరు చెప్పి కబురు పంపించుకున్నారు. క్షమాపణ ఎప్పుడో దొరికింది, కానీ 17 ఏళ్లు తిన్న అన్నం భయంతోనే తిన్నారు. తప్పు చేసినవాళ్లను మాట్లాడనివ్వకుండా "సర్లే, ఇంక ఏడవకు" అని నోరు మూయించే మంచి మనసున్నవాళ్లు ఇది చూసుకోవాలి.

భార్యాభర్తల మధ్య ద్రోహమైతే పద్ధతి కొంచెం మారుతుంది. ఎవరితో, ఎంతకాలం, ఆగిపోయిందా అన్నవి చెప్పాలి. పడకగది వివరాలు చెప్పకూడదు, అడక్కూడదు, అవి తర్వాత ఏళ్ల తరబడి పొడుస్తాయి. సంఘం ఎదుట చెప్పించడం వద్దు. ఇద్దరూ ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో (సలహా, పరీక్షల కేంద్రం) హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవాలి, ఉచితం, గుట్టుగా ఉంచుతారు. మూడు నెలలకు ఇంకోసారి. ఇది చెప్పడానికి సిగ్గుపడే మధ్యవర్తి ఈ పనికి ఒప్పుకోకూడదు.

కాగితం పని

చీర పెట్టి, భోజనం పెట్టి, "ఇక్కడ ఓ సంతకం పెట్టమ్మా" అని అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల రాయించుకోవడం మన జిల్లాల్లో పాత మోసమే. వీలునామా లేకుండా తండ్రి పోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద క్రైస్తవ కుటుంబంలో భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులూ పిల్లలందరికీ సమానం, ఆడైనా మగైనా. రికార్డులో ఒక మతం, మందిరంలో ఒక మతం ఉన్న కుటుంబాలు డెల్టాలో చాలా ఉన్నాయి. అక్కడ ఏ చట్టం వర్తిస్తుందో లాయరు చెప్పాలి, పెద్దలు ఊహించకూడదు.

పొలం, ఇల్లు తిరిగిచ్చే ఒప్పందం తెల్లకాగితం మీద ఉంటే చాలదు. భాగ పరిష్కార దస్తావేజు గాని, విడుదల దస్తావేజు గాని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాలి. ముందు ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసి, ఆ సర్వే నెంబరు మీద ఎవరికీ తాకట్టు లేదని చూసుకోవాలి. తర్వాత పాస్ పుస్తకంలో పేరు మారిందా లేదా అన్నది కూడా. డబ్బు బాకీకి ప్రోనోటు రాస్తే మూడేళ్లకు కాలదోషం పడుతుంది, కాబట్టి ఆ గడువు లోపు నోటు వెనక చెల్లు రాసి సంతకం చేయించుకోవాలి. "దేవుని బిడ్డల మధ్య నోటేమిటి" అనేవాళ్లకు ఫిలేమోను పత్రిక చూపించండి. ఫిలేమోను దాసుడు ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వెయ్యమని పౌలు తన చేత్తో రాసిచ్చాడు.

కోర్టుకెళ్లడం విశ్వాసానికి విరోధమని 1 కొరింథీయులకు 6 చూపించి భయపెట్టేది చాలాసార్లు మోసం చేసినవాళ్ల పక్షమే. ఆ అధ్యాయం తిట్టింది సహోదరుణ్ణి మోసగించినవాళ్లను కూడా. మధ్యేమార్గంగా లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు.

క్షమించేవాళ్లు ఏం చెయ్యాలి

వాళ్లకు గడువు పెట్టవద్దు. లెక్క, ఒప్పుకోలు విన్న రోజునే జవాబు చెప్పనక్కర్లేదు. "విన్నాను, ప్రార్థన చేసుకుని చెబుతాను" అన్నది పూర్తి జవాబే. క్షమించడమంటే పగ తీర్చుకునే హక్కు వదులుకోవడం. బాకీ రద్దు చెయ్యడం దానికి అదనం, ఇష్టమైతే చెయ్యొచ్చు. మళ్లీ ఏటీఎం కార్డు చేతికివ్వడం ఈ రెంటిలోనూ లేదు.

నమ్మకం తిరిగొచ్చే పద్ధతిని కూడా యోసేపు దగ్గరే నేర్చుకోవచ్చు. 17 ఏళ్ల తమ్ముడు యోసేపును అమ్ముదామన్నది యూదా, అమ్మింది 20 వెండి నాణేలకు. ఇరవై ఏళ్లు దాటాక బెన్యామీను గోనెలో గిన్నె దొరికినప్పుడు, తమ్ముణ్ణి వదిలేసి ఇంటికి పోయే అవకాశం అదే యూదాకు మళ్లీ వచ్చింది. ఈసారి "వాడికి బదులు నేనుంటాను" అన్నాడు. యోసేపు అప్పటిదాకా ఆగాడు. అదే సందు మళ్లీ దొరికినప్పుడు మనిషి వేరే పని చేశాడా అన్నది చూడాలి. మన లెక్కలో చెప్పాలంటే మొదటి ఆరు నెలలు అన్న చేతికి ఆమె డబ్బు ఏదీ రాకూడదు. తర్వాత చిన్నవి: కరెంటు బిల్లు, ఒక దింపు కొబ్బరికాయల డబ్బు, రసీదుతో. ఏడాది తర్వాత ఇంకొంచెం. పిల్లల ఫీజు మాత్రం ఎప్పటికీ ఆమె నుంచి నేరుగా స్కూలుకే.

సంఘం వైపు

1836లో వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీర్ దొరల బాటలో నడిచే బ్రదరన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో చాలాచోట్ల నెలకోసారి. కాబట్టి "మూడు నెలలు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) రావద్దు" అన్న శిక్ష ఒకచోట పదమూడు వారాలు, ఇంకోచోట మూడుసార్లు. ఏ సంఘమైనా గడువు తేదీతో చెప్పాలి, ఏం చేస్తే తిరిగి చేర్చుకుంటారో చెప్పాలి. తేదీ లేని శిక్ష మనిషిని వేరే మందిరానికి పంపుతుంది, అంతకుమించి ఏం చెయ్యదు. శిక్షించినవాణ్ణి అధిక దుఃఖంలో మునిగిపోకుండా ఆదరించమని 2 కొరింథీయులకు 2వ అధ్యాయం చెబుతోంది గదా, ఆ గడువు మధ్యలో పెద్దలు వాళ్లింటికి వెళ్లి ప్రార్థన చేసి రావాలి.

బల్ల వేరు, బాధ్యత వేరు. కానుకల లెక్కలో మోసం చేసినవాణ్ణి మళ్లీ కానుకల దగ్గర కూర్చోబెట్టకూడదు, సాక్ష్యం ఎంత బాగా చెప్పినా. బాకీ పూర్తికాకముందే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించడం ఇంకో పొరపాటు. ముందు బెంచీలో కూర్చున్న చెల్లెలు ఆ చప్పట్లు వినాలి పాపం.

కలిసి ఉండాలా, విడిగానా

కొత్త మొదలు అంటే ఒకే కప్పు కింద ఉండాలని లేదు. తనను మోసం చేసిన తమ్ముడు యాకోబు తిరిగొస్తే ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడ్చాడు, నిజమే. దానికి ముందు యాకోబు మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు అన్నీ కలిపి, ఒంటె పిల్లలు కాకుండానే, 550 పంపాడు. ఆ తర్వాత శేయీరుకు రమ్మంటే సుక్కోతుకు వెళ్లిపోయాడు. ఇద్దరూ మళ్లీ కలిసి కనిపించేది తండ్రిని పాతిపెట్టేటప్పుడు. ఇది విఫలమైన సమాధానమని ఎవరూ అనరు.

మన ఇళ్ల గుమ్మాల మీద "మిస్పా" అని రాయించుకుంటాం. ఆదికాండం 31లో అది ఆశీర్వాదం కంటే ముందు సరిహద్దు. ఒకర్నొకరు మోసగించుకున్న మామా అల్లుళ్లు రాళ్లు కుప్పవేసి, ఈ కుప్ప దాటి నువ్వు నా వైపు రాకు, నేను నీ వైపు రాను అని ఒప్పందం చేసుకున్నారు. రాళ్లు వేశాకనే భోజనం చేశారు. కాబట్టి సర్వేయరును పిలిచి రాయి పాతించడం, కాలువ బోదె మీద ఎవరి వంతు ఏ రోజో రాసుకోవడం, ఉమ్మడి కొబ్బరిచెట్లు ఎవరెవరివో సున్నంతో నెంబర్లు వెయ్యడం అవిశ్వాసం కాదు. పని అయ్యాక అందరూ కలిసి అన్నం తినండి, వంట ఖర్చు తప్పు చేసినవాళ్లది.

పుస్తకం ఆఖరి పేజీ ముందుముందు కలవక తప్పని సందర్భాలకు ఉంచుకోవాలి. తల్లి మందుల ఖర్చు ఎవరిది, ఆవిడ ఎవరింట్లో ఎన్ని నెలలు, ఆవిడ పోయాక సమాధి ఎవరు కట్టిస్తారు, స్మరణ కూడిక భోజనాలకు ఎవరెంత. వీటిని ఆవిడ బతికుండగానే, ఆవిడ ఎదుటే రాయండి. పిల్లల పెళ్లికార్డు మీద మేనమామ పేరు ఉంటుందా, ఉంటే ఏ వరసలో అన్నది కూడా. నవ్వులాటగా ఉంటుంది గాని, రెండు లక్షలు కట్టించిన పెద్దలు ఆ ఒక్క వరస దగ్గర మళ్లీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాల్సొస్తుంది.